‘అయినా’ లేని కథలు: పిల్లలు తమను తాము ఇష్టపడేలా చేసే బొమ్మల పుస్తకాలను ఎంచుకోవడం, చదవడం, తయారు చేయడం

మా బడిలో రెండో తరగతి చదివిన ఒక పిల్ల నవ్వు వచ్చినప్పుడల్లా కుడి అరచేతిని నోటికి అడ్డం పెట్టుకునేది. తాగే నీళ్లలోని ఫ్లోరైడు వల్ల పై వరుసలో ముందు పండ్ల మీద గోధుమ రంగు గార చారలు ఉండడమే అందుకు కారణం. నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో పనిచేసిన ఉపాధ్యాయులకు ఆ అరచెయ్యి కొత్త కాదు. బడికి వచ్చినప్పుడు ఆ పిల్ల తల్లి కూడా మాతో మాట్లాడుతూ కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది. ఆ సంవత్సరమే నేను బడిలో గ్రంథాలయ పీరియడు బాధ్యత తీసుకున్నాను. పిల్లలకు తమ రూపం మీద ఇష్టం కలిగించే బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తే ఆ చెయ్యి దానంతట అదే దిగుతుందని నమ్మి, వెతికి వెతికి కొన్ని పుస్తకాలు తెచ్చాను. వాటిలో కొన్ని మేలు చేశాయి, కొన్ని నేను అనుకోని విధంగా నొప్పించాయి. ఏది ఎందుకు మేలు చేసిందో, ఏది ఎక్కడ నొప్పించిందో నాకు అర్థమైనంత మేరకు, తోటి ఉపాధ్యాయులకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఇంట్లో పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచే పెద్దలకు పనికివచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు బొమ్మలు మాత్రమే చూడండి

కొత్త పుస్తకం చేతికి రాగానే అక్షరాల జోలికి పోకుండా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బొమ్మలు మాత్రమే చూస్తూ తిరగేయాలి. ఇంకా చదువు రాని పిల్ల ఆ పుస్తకాన్ని అట్లాగే చూస్తుంది కాబట్టి, ఆమెకు అందే కథ ముందుగా బొమ్మల్లోనే ఉంటుంది. ముదురు రంగు ఎవరికి వేశారు, వాళ్లు పేజీలో ఎక్కడ నిలబడి ఉన్నారు, ఏ పని చేస్తున్నారు అన్నది గమనించాలి. దొడ్డుగా ఉన్న పిల్లవాడి చేతిలో ప్రతి పేజీలోనూ తినే వస్తువే ఉన్నదా, కళ్లద్దాల పిల్ల అందరితో కలిసి ఆడుతున్నదా లేక మూలన కూర్చుని ఉన్నదా, చక్రాల కుర్చీలో ఉన్నవాడు తానే చక్రం తిప్పుకుంటున్నాడా లేక ఎప్పుడూ వెనక నుంచి ఎవరో తోస్తున్నారా అని చూడాలి. రాక్షసులకూ దొంగలకూ మాత్రమే నలుపు పూసిన పుస్తకాన్ని, అందులో కథ ఎంత బాగున్నా, నేను పక్కన పెట్టేస్తాను. మాటల్లో అందరూ సమానమే అని రాసి, బొమ్మల్లో తల్లిని తెల్లగా, పనిమనిషిని నల్లగా గీస్తే, పిల్లలు నేర్చుకునేది బొమ్మ చెప్పిందే.

పాలమూరు పిల్లల విషయంలో ఇంకొక్కటి చూస్తాను. దేశమంతటా ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు కట్టిన కూలీల జిల్లా అది. బొమ్మల పుస్తకాల్లో తట్ట మోసే మనిషి మాత్రం ఎప్పుడూ వెనకాల, చిన్నగా, మొఖం లేకుండా ఉంటాడు. తండ్రి పుణెలోనో ముంబైలోనో మట్టి పని చేస్తుండగా ఊళ్లో అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లకు, తన తండ్రి పోలిక ఉన్న మనిషి ఒక్క పేజీలోనైనా ముందుకు వచ్చి, కళ్లూ ముక్కూ నవ్వూ ఉన్న మనిషిగా కనబడాలి. పిల్ల తన రూపాన్ని అద్దంలో ఎంతగా చూసుకుంటుందో, తన వాళ్లను లోకం ఎట్లా చూస్తున్నదన్న దాంట్లోనూ అంతగానే చూసుకుంటుంది.

‘అయినా’ అనే మాట

బొమ్మల తర్వాత మాటలు చదవాలి. అప్పుడు నేను ముఖ్యంగా వెతికే మాట ‘అయినా’. ‘నల్లగా ఉన్నా అందంగా ఉంటుంది’, ‘పొట్టివాడైనా గట్టివాడు’, ‘కాలు సరిగా లేకపోయినా చదువులో ఫస్టు’ వంటి వాక్యాలు మెచ్చుకోలులాగే వినిపిస్తాయి. మనం రోజూ మాట్లాడే తెలుగులోనే ఈ అలవాటు ఉన్నది. పిల్లను చూడవచ్చిన చుట్టాలు ‘నల్లగున్నా మొఖంల కళున్నది’ అంటారు, ఇంకొంచెం ప్రేమ ఉన్నవాళ్లు ‘నలుపు నారాయణ మెచ్చు’ అని సామెత చెబుతారు. అనేవాళ్ల మనసులో చెడు లేదు. అయితే ‘ఉన్నా’ అన్నప్పుడు ఆ చివరి దీర్ఘం, నలుపు ఒక లోటని ముందే ఒప్పేసుకుని, ఆ లోటుకు పరిహారంగా మరొకదాన్ని చూపిస్తుంది. పిల్ల చెవికి పరిహారం కన్నా లోటే ముందు చేరుతుంది. నారాయణుడు మెచ్చుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్న ప్రశ్న ఆరేండ్ల పిల్ల నోటికి రాకపోవచ్చు, మనసుకు మాత్రం వస్తుంది.

ఒక్కొక్కసారి ఈ ‘అయినా’ వాక్యంలో కాకుండా కథ మొత్తంలో పరుచుకుని ఉంటుంది. హంసగా మారిన బాతుపిల్ల కథనే తీసుకోండి. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1843లో ప్రచురించిన ఆ కథ మా పిల్లలకు నచ్చుతుంది, నాకూ ఇష్టమే. కానీ తన రూపం వల్ల నొచ్చుకున్న పిల్లకు ఓదార్పుగా మాత్రం నేను దాన్ని వినిపించను. ఆ బాతుపిల్లకు చివరికి గౌరవం దొరికింది అది హంస అని తేలినందువల్ల. అదే బూడిద రంగుతో బాతుగానే పెరిగి ఉంటే దానికి ఆ మడుగులో చోటు ఉండేదా అన్నది కథ చెప్పదు. గార పట్టిన పండ్లు పెద్దయ్యాక వాటంతట అవి తెల్లబడవు, పోలియో వచ్చిన కాలు కథ చివరి పేజీలో మామూలు కాదు. అట్లాంటి పిల్లకు మారిపోయే కథ చెప్పడమంటే, ఇప్పుడున్న నిన్ను కాదు, రేపటి ఇంకొక నిన్ను ఇష్టపడదామని చెప్పినట్టే అవుతుంది. అందరూ వెక్కిరించిన జంతువు చివరికి ఆపదలో అందరినీ కాపాడి స్నేహితులను సంపాదించుకునే కథలు కూడా చాలా ఉన్నాయి. వాటిలో ఉన్న షరతును పిల్లలు వెంటనే పట్టేస్తారు: పనికి వస్తేనే పక్కన కూర్చోనిస్తారు. ఇక పేజీ పేజీకీ ‘నువ్వు అద్భుతం, నువ్వు అందం, నిన్ను నువ్వు ప్రేమించుకో’ అని చెప్పే పుస్తకాలను పిల్లలు ఓపికగా వింటారు గానీ, రెండోసారి చదవమని అడగడం నేను అరుదుగా చూశాను.

మరి ఎట్లాంటి పుస్తకం కావాలి? కథలోని పిల్లకు ఒక పని ఉండాలి. ఉదాహరణకు ఒక కథ ఊహించండి. తప్పిపోయిన మేకపిల్లను వెతకడానికి ఒక పిల్ల పొద్దుగూకే వేళ చెల్కల వైపు బయలుదేరుతుంది. ఆమె నల్లగా ఉన్నది, ఒక కంటికి మెల్ల ఉన్నది. ఈ రెండు సంగతులూ బొమ్మలో ఉన్నాయి, మాటల్లో ఎక్కడా లేవు. మాటల్లో ఉన్నవి గిట్టల గుర్తులు, తుమ్మకంప, దూరం నుంచి వినబడే అరుపు. నాలుగో పేజీకి వచ్చేసరికి వినే పిల్లలందరికీ మేకపిల్ల దొరకాలన్న ఆరాటం తప్ప ఇంకొకటి ఉండదు, ఆ ఆరాటంలో వాళ్లంతా ఆ నల్లని, మెల్లకన్ను పిల్లతో పాటే నడుస్తుంటారు. ఆమెను ఇష్టపడమని ఎవరూ చెప్పకుండానే ఇష్టపడతారు. తన పోలిక ఉన్న పిల్ల తన రూపం గురించి కాకుండా మేకపిల్ల గురించి ఆలోచిస్తూ కనబడడం, రూపం గురించి బెంగ పడే పిల్లకు అన్నిటికన్నా పెద్ద విడుదల అని నా నమ్మకం.

ఇట్లాంటి పుస్తకాలు తన పోలిక ఉన్న పిల్లకే ఇవ్వాలనుకోవడం పొరపాటు. అమెరికాలో బాలసాహిత్యం బోధించిన రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన ఒక వ్యాసంలో పిల్లల పుస్తకాలను అద్దాలతోనూ, కిటికీలతోనూ, పక్కకు జరిపి లోపలికి నడిచి వెళ్లగలిగే గాజు తలుపులతోనూ పోల్చారు. ఒక పిల్లకు అద్దమైన పుస్తకమే ఆమె పక్కన కూర్చున్న తెల్లని పండ్ల పిల్లకు కిటికీ అవుతుంది. వెక్కిరించే నోరు ఆ పక్క పిల్లదే కాబట్టి, ఆమెకు ఆ కిటికీ అవసరం మరింత ఎక్కువ.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల పుస్తకాలు చదివే స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నందువల్ల రచయితల, చిత్రకారుల పేర్లు తీసేయకుండా వాటిని ముద్రించుకోవచ్చు, మన మాటల్లోకి మార్చుకోవచ్చు కూడా. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ తక్కువ ధరకే తెలుగు పుస్తకాలు తెస్తున్నాయి. హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధన కేంద్రం దళిత, ముస్లిం, శ్రమజీవుల ఇండ్ల పిల్లలు ముఖ్య పాత్రలుగా ఒక కథల శ్రేణి తెచ్చింది, దొరికితే వదలకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలను తీసుకువెళ్తే, పెద్దలు ఎంచిన పుస్తకాలు కాక తాము ఎంచుకున్న పుస్తకాలు చూసే అవకాశం వాళ్లకు దొరుకుతుంది.

పుస్తకం కొనేముందు భాష కూడా చూడాలి. మా పిల్లలు ‘పండ్లు తోముకున్న’ అంటారు, పుస్తకం ‘పళ్లు తోముకున్నాను’ అంటుంది. ప్రతి పేజీలోనూ తన ఇంటి మాట తప్పని తేలుతుంటే, ఆ పుస్తకంలో బొమ్మ ఎంత తన పోలికతో ఉన్నా పిల్లకు అది పరాయిదే. నేను చదివేటప్పుడు అచ్చులో ఉన్న మాట ఒకసారి, పిల్లల మాట ఒకసారి అంటాను, ఒకదాన్ని తప్పనీ మరొకదాన్ని ఒప్పనీ చెప్పను. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చిన పిల్లలు ఉన్న తరగతిలోనైతే, అమ్మ బొమ్మ వచ్చిన పేజీలో ‘మీ ఇంట్ల ఏమంటరు?’ అని అడిగి, వాళ్లు ‘యాడి’ అన్నప్పుడు ఆ మాటను పెన్సిలుతో బొమ్మ పక్కనే రాస్తాను.

చదివి వినిపించేటప్పుడు

నేను చేసిన తప్పు ముందు చెప్పాలి. మొదటి ఏడాది, శరీరపు రంగు గురించి నేరుగా మాట్లాడే ఒక పుస్తకాన్ని తరగతిలో చదివాను. అందులోని పిల్ల ‘నా రంగు నాకిష్టం’ అనే పేజీ రాగానే నా చూపు నాకు తెలియకుండానే మూడో వరుసలో కూర్చున్న ఒక పిల్ల మీదికి పోయింది. నా చూపు వెంబడే ఇరవై ఆరు మంది పిల్లల చూపులూ అటే పోయాయి. ఆ పిల్ల తల వంచుకుని పలక మీద వేలితో గీతలు గీయడం మొదలుపెట్టింది, పీరియడు అయిపోయేదాకా తల ఎత్తలేదు. పుస్తకంలో తప్పు లేదు. నేను చదివిన తీరు ఆమెను అందరి ముందు నిలబెట్టి, నీకు ఓదార్పు అవసరమని ప్రకటించినట్టయింది. ఆ రోజు నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏ పిల్లను మనసులో పెట్టుకుని పుస్తకం తెచ్చానో, ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ ఆ పిల్ల వైపు చూడను, ఆమెను ప్రశ్న అడగను. అట్లాంటి పుస్తకాన్ని మామూలు పుస్తకాల మధ్య మూడోదిగానో నాలుగోదిగానో చదువుతాను.

బొమ్మను చూపించి ‘ఈ పిల్ల ఎట్లున్నది?’ అని అడగకూడదు, ‘ఈ పిల్ల ఏం చేస్తున్నది?’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు నల్లగున్నది, బక్కగున్నది, దొడ్డుగున్నది అనే జవాబులే వస్తాయి. రెండో ప్రశ్నకు చెట్టెక్కుతున్నది, వెతుకుతున్నది, దాక్కున్నది అని వస్తాయి. ఈ చిన్న మార్పుతో తరగతిలో జరిగే మాటల దారి మొత్తం మారిపోతుంది.

ఎంత జాగ్రత్తగా చదివినా ఎవరో ఒకరు ‘మేడం, ఈ పిల్ల అచ్చం మన రెండో బెంచి పొల్ల లెక్కనే ఉన్నది’ అని నవ్వనే నవ్వుతారు. అప్పుడు కోప్పడితే, ఆ పోలిక సిగ్గుపడవలసిన విషయమేనని మనమే ముద్ర వేసినట్టవుతుంది. వినబడనట్టు ఊరుకుంటే నవ్వు పెరుగుతుంది. ‘అవును, ఇద్దరికీ రెండు జడలున్నయి. ఇగ ఇప్పుడు ఈ పిల్ల వాగు ఎట్ల దాటుతదో చెప్పుండ్రి’ అని, పోలికను మామూలు సంగతిగా ఒప్పుకుని వెంటనే కథలోకి మళ్లించడం నాకు చాలాసార్లు పనిచేసింది. ఆ మాట అన్న పిల్లవాడితో తర్వాత విడిగా మాట్లాడవచ్చు.

ఒకే పుస్తకాన్ని వారంలో రెండు మూడు సార్లు చదవాలి. మొదటిసారి పిల్లలు కథ వెంట పరుగెత్తుతారు, రెండోసారి బొమ్మల్లో మూలలు చూస్తారు, తన మాట ఏదైనా చెప్పాలని ఉన్న పిల్ల సాధారణంగా మూడోసారి చదివిన తర్వాత, అందరూ బయటికి పోయాక వచ్చి చెబుతుంది. మూడేండ్ల లోపు పిల్లలకు ఇంత కథ అక్కరలేదు. పేజీకి ఒక పెద్ద మొఖం, ముక్కు ఏది, చెవి ఏది అని ముట్టుకుని చూపించే ఆట చాలు.

‘ఎందుకిట్లున్న?’ అని అడిగినప్పుడు

పిల్ల తానుగా అడిగినప్పుడు మాత్రం దాటవేయకూడదు, కథ అడ్డం పెట్టకూడదు. నిజమైన కారణం చిన్న మాటల్లో చెప్పాలి. మా వైపు పిల్లలకు ఇది మరీ అవసరం, ఎందుకంటే గార పండ్లున్న పిల్లలను పండ్లు తోముకోరని నిందించడం ఇంట్లోనూ బయటా మామూలైపోయింది. పండ్లు తోమకపోవడానికీ ఆ చారలకూ సంబంధం లేదు. పంటి మీది ఎనామెల్ పొర చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేండ్ల లోపు, ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్లు తాగితే ఆ పొర సరిగా కట్టదు. పన్ను బయటికి వచ్చేటప్పటికే మచ్చతో వస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. మన రాతినేలల బోర్లలో అంతకు మించి ఉండడం వల్లనే ఈ జిల్లాకు ఈ బాధ వచ్చింది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా, ముందే మచ్చ పట్టిన పన్ను మారదు. ‘నీ తప్పు కాదు బిడ్డా, బోరు నీళ్లల్ల ఉన్నది’ అన్న ఒక్క మాట విన్నప్పుడు ఆ పిల్ల మొఖంలో కలిగిన తేలిక నాకు ఇప్పటికీ గుర్తున్నది.

అదే ఊపిరిలో ఇంకొక నిజం కూడా చెప్పవచ్చు. పటిక, సున్నం నీళ్లలో కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దానికి మన ఊరి పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నారు. తూర్పు ఆఫ్రికా దేశాల్లో కూడా దాన్ని ఆ పేరుతోనే వాడారు. బకెట్టులో పటిక కలిపి, మడ్డి అడుగుకు చేరేదాకా కాచుకుని కూర్చున్న పిల్ల కథను ఎవరైనా బొమ్మల పుస్తకంగా వేస్తే బాగుండునని నేను చాలా కాలంగా కోరుకుంటున్నాను.

ఒంటి రంగు గురించి అడిగితే, చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం అందరిలోనూ ఉంటుందని, అది ఎక్కువున్న చర్మం ముదురుగా ఉంటుందని, ఎండలోని హాని చేసే కిరణాల నుంచి చర్మాన్ని అదే కాపాడుతుందని చెబితే చాలు. ఇంట్లో అవ్వలతో ఈ మాట చెప్పడం ఇంకొంచెం కష్టం. ఒక అవ్వ మనవరాలికి రోజూ శనగపిండి, పసుపు కలిపి ఒళ్లు తోలు లేచేలా రుద్దేది. ‘అవ్వా, పిల్లకు మంట పుడుతున్నది’ అంటే, ‘రేపు పెండ్లికి ఎవరు చేసుకుంటరు బిడ్డా, నేను పడ్డ మాటలు అది పడొద్దనే’ అన్నది. ఆమె భయం ఉత్తది కాదు, ఆమె ఎంత విన్నదో ఆ ఒక్క మాటలో ఉన్నది. దేశమంతా అమ్ముడయ్యే ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము తన పేరులోంచి ‘ఫెయిర్’ అనే మాటను 2020లో తీసేసింది; అవ్వ చెవిలో పడ్డ మాటలను అంత సులువుగా తీయలేము. ఆమెకు ఉపన్యాసం ఇవ్వకుండా, పుస్తకం ఆమె చేతిలోనే పెట్టి, బొమ్మలు చూసి మనవరాలికి కథ చెప్పమని అడిగాను. చదువు రాని మనిషి బొమ్మల నుంచి కథ అల్లుతున్నప్పుడు పిల్ల ఆమె ఒళ్లో ఒదిగి వింటుంది. అవ్వతో నేను చేసిన వాదన కన్నా అది ఎక్కువ పనిచేసింది.

మన పుస్తకం మనమే తయారు చేసుకోవడం

ఎంత వెతికినా మన పిల్లల పోలిక ఉన్న పుస్తకాలు తక్కువే కాబట్టి, తరగతిలోనే ఒకటి తయారు చేసుకోవాలి. దీనికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. రంగుల దగ్గర మాత్రం తొందరపడవద్దు, ఈ పనికి ప్రాణం అక్కడే ఉన్నది.

క్రేయాన్ల డబ్బాలో లేత గులాబీ రంగు ముక్కను పిల్లలు ‘స్కిన్ కలర్’ అంటారు. నలభై మంది పిల్లలున్న తరగతిలో తమ బొమ్మ తాము గీసుకోమంటే నలభై బొమ్మలకూ అదే ముక్క తిరుగుతుంది, ఆ రంగు ఒళ్లు ఒక్కరికీ ఉండదు. అందుకని నేను డబ్బా మూసేసి మట్టి తెమ్మంటాను. ఎర్ర చెల్క మట్టి, నల్ల రేగడి, గోడలకు పూసే జాజు, పొయ్యిలోని బొగ్గు, చిటికెడు పసుపు, తెలుపు కోసం సుద్దముక్క పొడి కావాలి. తెలుపుకు సున్నం వాడకూడదు, పిల్లల చేతులను కాలుస్తుంది. మట్టిని మెత్తగా దంచి పాత నూలు బట్టలో జల్లించాలి. నిమ్మకాయంత తుమ్మ బంకను ముందురోజు రాత్రి గ్లాసెడు నీళ్లలో నానబెడితే తెల్లారేసరికి కరిగి జిగురవుతుంది, దాన్ని వడకట్టాలి. చెంచాడు మట్టికి చెంచాడు బంక నీళ్లు పోసి కలిపితే రంగు తయారవుతుంది. కాగితం మీద ఆరిన తర్వాత రంగు కొంచెం లేతబడుతుంది కాబట్టి, ముందు చిన్న ముక్క మీద పూసి చూసుకోవాలి.

తర్వాత ప్రతి పిల్లా తన మణికట్టు వెనక ఒక చుక్క పెట్టుకుని, ఆ చుక్క ఒంట్లో కలిసిపోయేదాకా రంగులు కలుపుకోవాలి. దీనికి గంటకు పైగా పడుతుంది, పట్టనివ్వండి. ఎర్రమట్టి ఒక్కటే పెడితే ఇటుకలాగా కనబడుతుంది, కొంచెం రేగడి వేస్తే దగ్గరికి వస్తుంది, చిటికెడు పసుపు పడగానే చుక్క మాయమవుతుంది. మాయమైన క్షణంలో పిల్లలు అరిచే అరుపు పక్క తరగతికి వినబడుతుంది. ఏ ఇద్దరి రంగూ ఒకటి కాదని, ఒక్కరిది కూడా ఒట్టి నలుపూ ఒట్టి తెలుపూ కాదని వాళ్లే కనుక్కుంటారు. ఆ రంగుకు పేరు పెట్టమంటే మా పిల్లలు చింతపండు, కొత్త బెల్లం, కాల్చిన మక్కకంకి, తడిసిన చెల్క, ఉలువచారు అని పెట్టారు. ఇష్టమైన వస్తువుల పేర్లే వాళ్ల నోటికి వచ్చాయి, ఆ పేర్లు నేను చెప్పినవి కావు.

నాలుగు ఏ4 కాగితాలను కలిపి సగానికి మడిస్తే పదహారు పేజీలవుతాయి. అట్టకు పాత పెండ్లి పత్రికలు బాగా పనికివస్తాయి, మందంగా ఉంటాయి. మడత మీద దబ్బనంతో నడుమ ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి రంధ్రం చేయాలి. దారాన్ని నడిమి రంధ్రం గుండా లోపలి నుంచి బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి, అక్కడి నుంచి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ నడిమి రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, లోపలి పొడవు దారం మధ్యలో ఉండేలా రెండు కొసలనూ ముడివేస్తే పుస్తకం గట్టిగా నిలుస్తుంది.

ఒక్కొక్క పిల్లకు ఒక పేజీ ఇచ్చి, తన బొమ్మ గీసుకుని కింద ఒకటి రెండు వాక్యాలు చెప్పమనాలి. ఆ వాక్యంలో తాను ఎట్లా ఉంటానో కాకుండా, ఏం చేస్తానో ఉండాలి. రాయలేని పిల్లలు చెబితే ఉపాధ్యాయులు రాయాలి. పిల్ల ఎట్లా అన్నదో అక్షరం మార్చకుండా అట్లాగే రాయాలి. ‘నేను బాయిల దుంకుత.’ ‘నేను మా తమ్మునికి తానం పోస్త.’ ‘నేను గునుగు పువ్వు ఏరుకొస్త, మా అక్క బతుకమ్మ పేరుస్తది.’ నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునే ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి, ‘నేను ఈలేస్త. మా బర్లు ఇంటికొస్తయి’ అన్నది. ఆమె గీసిన బొమ్మలో రెండు వేళ్లు నోట్లో ఉన్నాయి, వేళ్ల వెనక పండ్లు వరుసగా ఉన్నాయి. సుద్దపొడితో పండ్లు గీసిన తర్వాత ఆమె పుల్ల కొసను జాజులో ముంచి, రెండు ముందు పండ్ల మీద సన్నగా రెండు చారలు గీసింది. నేను ఏమీ అనలేదు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోవడం పూర్తిగా మానేసిందని చెప్పలేను, కొత్తవాళ్లు వస్తే మళ్లీ పెట్టుకునేది. తరగతిలో ఆ పుస్తకం చదివిన ప్రతిసారీ మాత్రం, తన పేజీ రాగానే ఈల వేసి చూపించేది, దానికి రెండు చేతుల వేళ్లూ కావలసి వచ్చేవి.

తయారైన పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే చేసిన పని వృథా. పిల్లల ఎత్తులో గోడకు దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయాలి. మట్టి రంగు రాలకుండా ప్రతి పేజీ మీదా పల్చని బంక నీళ్లు ఒకసారి పూయాలి, వానకాలంలో చెద చేరకుండా గోడకు ఆనకుండా చూసుకోవాలి. రోజుకొకరు చొప్పున రాత్రికి ఇంటికి తీసుకుపోనివ్వాలి. వలస పోయిన తల్లిదండ్రులకు పిల్ల పేజీని ఫోటో తీసి పంపేటప్పుడు, ఆ వాక్యాలు పిల్ల గొంతుతోనే చదివించి రికార్డు కూడా జతచేయాలి, ఎందుకంటే వాళ్లలో చదువు రానివాళ్లు ఉంటారు. పేజీని బడి వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా, ఆ పిల్ల తల్లికో తండ్రికో నేరుగా పంపాలి. గ్రూపులో ఎవరో ఒకరు పెట్టే నవ్వు బొమ్మ మనం చేసిన పని మొత్తాన్ని చెరిపేయగలదు. రాత్రి పని దిగాక వాళ్లు ఫోన్ చేస్తారు కాబట్టి, ఫోటో పంపిన రోజే పుస్తకాన్ని ఇంటికి ఇచ్చేలా చూసుకుంటే, పేజీ చేతిలో పెట్టుకుని పిల్ల మాట్లాడుతుంది.